బొట్టు పెట్టిన మిక్సర్లు

దసరా నాడు పొద్దున మేడ మీది గది తలుపు తీసేసరికి మా రెండు మిక్సర్లూ తలంటి పోసుకున్న పెళ్లికొడుకుల్లా బల్ల మీద కూర్చుని ఉన్నాయి. పాత ఎనలాగ్ మిక్సర్ మీది నాబులు ఒక్కటీ పక్కచూపులు చూడకుండా, ప్రార్థనలో నిలబడ్డ బడిపిల్లల్లా నిటారుగా ఉన్నాయి. వాటి నడుమ పసుపు, కుంకుమ, వరుసకొక బంతిపువ్వు. కొత్త డిజిటల్ మిక్సర్ గాజుతెర మధ్యలో తడి ఆరని ఇంత పెద్ద బొట్టు. నా పక్కన నిలబడ్డ మిత్రుడు "అయిపాయె" అని గుమ్మంలోనే కూలబడ్డాడు. మర్నాడు పొద్దున వాళ్లమ్మను గొంతు ఆపరేషన్‌కి దవాఖానలో చేర్చాలి. ఆ గొంతు రికార్డు చేసుకోవడానికి మాకు మిగిలింది ఆ ఒక్క పగలే. దాని కోసం ఎన్నో రోజులుగా ఒక్కో నాబునూ వెంట్రుకవాసి తిప్పి కుదిర్చిన అమరిక అంతా ఆవిడే స్వహస్తాలతో శుభ్రంగా తుడిచి, సర్ది, దండం పెట్టుకుని కిందికి వెళ్లిపోయింది.

ఆ రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా రోడ్డు నడిబొడ్డున మెట్రో స్తంభాలు లేస్తున్నాయి. రైలు ఇంకా రాలేదు. స్తంభాల నెత్తిన ఇనుప చువ్వలు ఆకాశం వైపు చూస్తూ ఉండేవి. మా బుర్రలూ అప్పట్లో అలాగే ఉండేవనిపిస్తుంది ఇప్పుడు. పునాదులు పడ్డాయి, పైన ఏం నడుస్తుందో మాత్రం ఎవరికీ తెలియదు. నేను ఒక దినపత్రికలో కొత్తగా చేరిన ఉపసంపాదకుణ్ని. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల వెనకసందులో కిరాయి గది. కృష్ణా జిల్లా నుంచి వచ్చినవాణ్ని కాబట్టి కిరాయి అనే మాట అప్పటికి నా నోటికి అలవాటు కాలేదు, 'అద్దె' అంటే ఇంటివాళ్లు నవ్వేవాళ్లు. మధ్యాహ్నం దాకా పని ఉండదు. షేర్ ఆటో ఎక్కి, దుమ్ములోంచి, డైవర్షన్ బోర్డుల్లోంచి ఎల్బీనగర్ వెళ్లి మా మిత్రుడి మేడగదిలో వాలిపోయేవాణ్ని. వాడిది మైకుసెట్టు వ్యాపారం. పెళ్లిళ్లకీ, పండగలకీ, మీటింగులకీ సౌండ్ పెట్టేవాడు. బస్తీ అంతా వాణ్ని 'మైకు' అనే పిలిచేది. వాడు నన్ను 'పేపరు' అనేవాడు. (ఇద్దరికీ తల్లిదండ్రులు పెట్టిన మంచి పేర్లే ఉన్నాయి. వాటిని రేషన్ కార్డులకు వదిలేశాం.)

మా ఇద్దరికీ ఒకే కల. ఇంట్లోనే కూర్చుని మంచి పాటలు రికార్డు చేయాలి. కల ఒకటే గానీ దారులు రెండు. వాడి దగ్గర తాతల నాటిదనిపించే ఎనలాగ్ మిక్సర్ ఉండేది. ఒక మూల సొట్ట, రెండు నాబులకు టోపీలు లేవు. వాడికి అదంటే ప్రాణం. "సూడు, ఒక పనికి ఒక నాబు. బాస్ గావాల్నంటే బాస్ నాబు, గొంతు గావాల్నంటే గొంతు నాబు. దేని మీద చెయ్యి వడితె గదే పల్కుతది. నీదాంట్ల ఏమున్నది? ఒక్క అద్దం. అన్నీ దాని కడుపుల దాస్కున్నది" అనేవాడు. నాది మొదటి బోనసు వచ్చిన ఉత్సాహంలో కొన్న డిజిటల్ మిక్సర్. దాని గురించి నేను చదవని సమీక్ష లేదు. పత్రికలో పనిచేసేవాడికి ఉండే జబ్బే అది, వస్తువు వాడకముందే దాని మీద సంపాదకీయం రాయగలడు. "నీ దాంట్లో ఎన్ని మైకులు పెట్టినా చివరికి అంతా కలిపేసి రెండు ధారలుగానే బయటికి వస్తుంది. పులుసులో ఉప్పెక్కువైతే మళ్లీ ఉప్పు వేరు చేయగలవా? నాది ఏ మైకు శబ్దాన్ని ఆ మైకుదిగానే దాస్తుంది. తర్వాత తీరిగ్గా కలుపుకోవచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, దీనికి జ్ఞాపకశక్తి ఉంది" అనేవాణ్ని. ఒక మనిషి గొంతుకు సరిపోయేలా అన్నీ కుదిర్చాక ఆ అమరికకు ఒక పేరు పెట్టి లోపల దాచుకోవచ్చు. దాన్ని సీన్ అంటారు. మర్నాడు ఆ పేరు నొక్కితే చాలు, మిక్సర్ మొత్తం నిన్నటి స్థితికి వచ్చేస్తుంది. మైకు దీనికి పోటీగా తన మిక్సర్ మీద ప్రతి నాబు పక్కనా తెల్ల టేపు ముక్కలంటించి, వాటి మీద పెన్నుతో గీతలు గీసుకునేవాడు. అదీ వాడి జ్ఞాపకశక్తి.

ఇంతకీ మేం రికార్డు చేయాలనుకున్న గొంతు వాళ్లమ్మది. నేనావిడను మొదట్లో 'పిన్నిగారూ, మీరు' అని పిలిస్తే వెనక్కి తిరిగి చూసి, "మీరెవర్రా? ఈడ నేనొక్కదాన్నే ఉన్న" అంది. అప్పట్నుంచి పెద్దమ్మ అయిపోయింది. ('మీరు' మాత్రం నేను మానలేకపోయాను. ఆవిడ నన్ను మన్నించలేకపోయింది.) నల్లగొండ పల్లె నుంచి కోడలుగా వచ్చి, ఎల్బీనగర్‌లో ఇళ్లకన్నా రాళ్లు ఎక్కువగా ఉన్న కాలంలో స్థిరపడిన మనిషి. బతుకమ్మ రోజుల్లో కాలనీ మైదానంలో పాట ఎత్తుకోవలసింది ఆవిడే. ఆవిడ ఒక చరణం అంటే చుట్టూ తిరిగే ఆడవాళ్లంతా చప్పట్లతో అందుకునేవారు. పాత పాటలు అయిపోతే కొత్తవి అక్కడికక్కడే కట్టేది. ఒక ఏడాది నీళ్లకు కటకటగా ఉన్నప్పుడు, "ట్యాంకరొచ్చెనమ్మ ఉయ్యాలో, మూల మలుపు కాడ ఉయ్యాలో, బిందెలన్ని లేచి ఉయ్యాలో, వరుస గట్టెనమ్మ ఉయ్యాలో" అని పాడితే, వరుసలో పోట్లాడుకున్నవాళ్లు కూడా నవ్వుతూ తిరిగారట. ఆ గొంతులో ఏముండేదో చెప్పడం కష్టం. కొత్త కుండలో నీళ్లు పోస్తున్నప్పుడు వచ్చే చప్పుడు వింటే ఇప్పటికీ నాకు ఆవిడే గుర్తొస్తుంది.

ఆ ఏడు ఆవిడ గొంతులో గడ్డ కనబడింది. ప్రాణభయం లేదన్నారు. కానీ తీసేశాక గొంతు మారొచ్చు, మారకపోవచ్చు అన్నాడు డాక్టరు. ఆపరేషన్ ఎప్పుడంటే, "బతుకమ్మ కాకముందు గొంతు మీద చెయ్యెయ్యనియ్య" అని ఆవిడే తేల్చేసింది. దసరా మర్నాటికి ఖాయమైంది. రికార్డు చేద్దామని మైకు అన్నప్పుడు ఆవిడ మొదట నవ్వింది. తర్వాత ఎవరూ లేనప్పుడు నన్ను పిలిచి, "పేపరు కొడుకా, మంచిగ రావాలె. రేపు నా గొంతు నేనే గుర్తువట్టకపోతె, ఇదిగో గిట్ల పాడేటిదానివి అని నాకు నువ్వే ఇనిపియ్యాలె" అంది. ఆ మాటతో మాకు బాధ్యత తెలిసిరావాలి. మాకు పౌరుషం వచ్చింది. ఎవరి మిక్సర్‌తో రికార్డు చేస్తే ఆ గొంతు నిజంగా వినబడుతుందో తేల్చాలి అనుకున్నాం.

ఇక చూడండి. కింద వాకిట్లో తంగేడు, గునుగు పూల మధ్య ఆవిడ బతుకమ్మను పేరుస్తుంటే, పైన గోడలకు బొంతలు వేలాడదీసి మేం పరీక్షలు చేస్తుండేవాళ్లం. బొంతలు బయటి చప్పుళ్లను ఆపుతాయని మైకు సిద్ధాంతం. చప్పుళ్లను ఆపలేదు గానీ గాలిని సంపూర్ణంగా ఆపాయి. పెద్దమ్మ తీరిక చేసుకుని వచ్చి, చెమటలు తుడుచుకుంటూ మైకు స్టాండు ముందు కూర్చునేది. నాలుగు చరణాలు పాడగానే మేం ఆపేవాళ్లం. ఒకసారి వాడి మిక్సర్‌లో సన్నగా 'స్స్' అని చప్పుడు. (వాడి దృష్టిలో అది వెచ్చదనం. నా దృష్టిలో పోపు.) ఇంకోసారి నా మిక్సర్‌లో ఆవిడ గొంతు ఆవిడకే ఒక క్షణం ఆలస్యంగా వినబడి, "ఎవర్రా నన్ను ఎక్కిరిస్తున్నది?" అని హెడ్‌ఫోన్ తీసి పారేసింది. ఒకసారి అన్నీ కుదిరాయి, అప్పుడే నాదర్‌గుల్ వైపు నుంచి పైలట్ శిక్షణ తీసుకుంటున్న ఎవరో పుణ్యాత్ముడు చిన్న విమానాన్ని సరిగ్గా మా మేడ మీదుగా తిప్పాడు. ఆ రికార్డింగు తుడిచేశాం. మచ్చ ఉన్నదల్లా తుడిచేశాం. పత్రికలో చిత్తుప్రతి చింపేసినంత తేలిగ్గా.

"అరె, ఎన్నిసార్లు పాడాలెరా ఒకటే ముక్క?" అని ఆవిడ విసుక్కుంటే, "సౌండ్ చెక్ అమ్మా, ఇంక అసలుది మొదలే వెట్టలే" అనేవాడు మైకు.

"మరి అసలుది ఎప్పుడు?"

"రేపు."

అసలు చిక్కు వేరే ఉంది. ఒంటరిగా పాడమంటే ఆవిడకు పాట రావడం లేదు. చరణం అనేది, ఆగేది, అలవాటుగా చుట్టూ చూసేది. బొంతలు తప్ప ఎవరూ లేరు. "అందుకునేటోళ్లు లేకుంటె ఎట్ల పాడాలె? ఒక్కదాన్నే పాడితె పిచ్చిదనుకుంటరు" అంది. మేం ఓపిగ్గా వివరించాం. పక్కవాళ్ల గొంతులు కలిస్తే శుద్ధత పోతుంది, మాకు మీ గొంతు ఒక్కటే కావాలి, విడిగా, కడిగిన ముత్యంలా. పండగ చివరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు మైదానంలో ఆవిడ చీకటి పడేదాకా పాడింది. వందల చేతుల చప్పట్లు, ఆ గొంతు వాటి మీద తేలుతూ పోవడం... మైకుసెట్టు మాదే, మిక్సర్ మాదే, రికార్డు మీట మా చేతికిందే ఉంది. నొక్కలేదు. "బగ్గ లొల్లి ఉన్నదిరా" అన్నాడు మైకు. "అవును, శుద్ధత రాదు" అన్నాను నేను. మిక్సర్లు వచ్చాక మేమిద్దరం ఏకాభిప్రాయానికి వచ్చింది అదొక్కసారే.

సద్దుల మర్నాడు మేడగదిలో రెండు మిక్సర్లూ చివరికి కుదిరాయి. ఒకే మైకు తీగను రెండుగా చీల్చి ఒకేసారి రెంటికీ ఇచ్చాం, పోలిక న్యాయంగా ఉండాలని. వాడు టేపు ముక్కల మీద కొత్త గీతలు గీశాడు. నేను నా అమరికకు 'పెద్దమ్మ' అని పేరు పెట్టి లోపల దాచాను. దసరా నాడు నాకు పత్రిక సెలవు, వాడికి గిరాకీ లేదు. పగలంతా మాదే అనుకుని నేను నా గదికీ, వాడు మేడ కిందికీ పోయి హాయిగా నిద్రపోయాం.

ఆయుధపూజ సంగతి మాకిద్దరికీ తట్టలేదు. మైకు వాళ్లింట్లో దసరా పొద్దున పనిముట్లన్నిటినీ తుడిచి, బొట్లు పెట్టి, పూలు పెడతారు. అది వాడికి పుట్టినప్పట్నుంచీ తెలుసు. కత్తిపీట, సుత్తె, స్క్రూడ్రైవర్లు, ఆటో ట్రాలీ, చివరికి గుమ్మం పక్కన వాడు ఆనించి పెట్టిన హెల్మెట్ దాకా అన్నిటికీ అయ్యాయి. కొడుక్కి అన్నం పెట్టే యంత్రాలను ఆ తల్లి ఎలా వదులుతుంది? కిందికి పరుగెత్తేసరికి ఆవిడ పొయ్యి ముందు ఉంది. ఇల్లంతా మసాలా వాసన.

"అమ్మా, గా నాబులు ఎందుకు తిప్పినవే?"

"ఒక్కటి సక్కగ లేదు బిడ్డా, అన్ని వంకర వంకర. పండుగ పూట గట్ల ఉంటయా? సక్కగ జేసిన. ఆ టేపు ముక్కలు మురికిగొట్టుకపోయినయి, గవి గూడ పీకేసిన."

మైకు తల పట్టుకున్నాడు. నేను మాత్రం లోలోపల పొంగిపోయాను. నిజం చెప్పాలంటే అంతకన్నా మధురమైన క్షణం నా పక్షానికి అంతవరకూ రాలేదు. నా మిక్సర్‌కి జ్ఞాపకశక్తి ఉంది కదా. గంభీరంగా గొంతు సవరించుకుని, "ఏం పర్లేదు పెద్దమ్మా. నాదాన్లో అంతా భద్రంగా ఉంది. స్విచ్ వేసి పేరు నొక్కడమే. ఆ బొట్టు కాస్త తుడిచి..." అన్నాను.

గరిటె ఆగిపోయింది.

"ఏంది తుడిచేది?"

"తెర మీది బొట్టు పెద్దమ్మా. తడిగా ఉంటే తెర దాన్ని వేలనుకుంటుంది."

"పూజ జేసిన బొట్టు పండుగ పూట తుడుస్తరా? ఇంకో ముచ్చట. ఇయ్యాల పనిముట్లకు సెలవు. రేపటిదాంక ఎవ్వరు ముట్టద్దు. ఏడాదంత సాకిరి జేస్తయి, ఒక్క రోజు పండనియ్యరా వాటిని?"

"రేప్పొద్దున మనం దవాఖానకు పోవాలె గదనే!" మైకు అరిచాడు. వాడు తల్లి మీద అరవడం నేనప్పుడే చూశాను. అంతవరకూ అది మాకు మిక్సర్ల పందెం. ఆ క్షణాన మాత్రం వాడు తల్లి గొంతు పోతుందేమోనని భయపడుతున్న కొడుకు. నేను జేబులోంచి ఫోను తీశాను. దాని వీపున కూడా బొట్టు ఉంది. పొద్దున టీ తాగుతూ గట్టు మీద పెట్టినప్పుడు ఆవిడ చేతికి చిక్కినట్టుంది. నా చేతిలోని ఫోను వంక ఆవిడ చూసిన చూపుకు అది దానంతటదే జేబులోకి వెళ్లిపోయింది. "ఎవలన్న ఫోన్ జేస్తె మాట్లాడు, అది ముచ్చట. గా రికార్డు అనేది పని" అంది. ఇంత సూక్ష్మంగా ధర్మాన్ని విడదీసే మనిషిని మా సంపాదకవర్గంలో కూడా నేను చూడలేదు.

పొయ్యి తగ్గించి, కొంగుతో చేతులు తుడుచుకుని ఆవిడే మెట్లెక్కింది. వెనకాలే మేం. గదిలోకి రాగానే గోడల మీది బొంతలు ఒక్కొక్కటే తీయించింది. కిటికీ తెరిపించింది. అప్పటిదాకా ఆ గదికి కిటికీ ఉందన్న సంగతే మర్చిపోయాం. గాలి వచ్చింది, దాని వెంట సాగర్ రోడ్డు మీది బస్సుల హారన్లు, పక్కింటి పిల్లల కేకలు. "యంత్రాలకు సెలవిచ్చిన. మీకు ఇయ్యలే. కూసోండ్రి. నేనంట, మీరందుకోండ్రి" అంది.

"మాకు పాడడం రాదు పెద్దమ్మా" అన్నాను.

"నాకు తెల్వదా? ఇన్ని రోజుల సంది మీ మాటలింటలేనా? చప్పట్లన్న కొట్టొస్తదా?"

ఆ పగలు ఎలా గడిచిందో నాకు కలలా గుర్తుంది. కిటికీలోంచి ఎండ ఒక పలకలా వచ్చి మిక్సర్ల మీద పడి, బంతిపూలు వాడుతున్న కొద్దీ బల్ల అవతలికి జరిగి, గోడెక్కి మెత్తబడింది. ఆవిడ ఒక చరణం అనేది, మేం అందుకునేవాళ్లం. నేను కోస్తా యాసలో, మైకు ఏ యాసకూ చెందని గొంతులో. తప్పితే నవ్వి మళ్లీ అనేది. ఎత్తుకునే మనిషికి అందుకునేవాళ్లు దొరికాక, అన్ని రోజులూ ముక్కలుగా రాలిన గొంతు అల్లుకుంటూ పోయింది. పాత పాటలయ్యాక కొత్తది కట్టింది. అందులో మేమిద్దరం ఉన్నాం. "అద్దపు పెట్టొకడు ఉయ్యాలో, గుండీల పెట్టొకడు ఉయ్యాలో, పాటను బట్టంగ ఉయ్యాలో, వలలేసిరమ్మ ఉయ్యాలో" అని. మమ్మల్ని ఎగతాళి చేసే చరణాలను మేమే అందుకుని చప్పట్లు కొట్టాం. నాదర్‌గుల్ విమానం మళ్లీ వచ్చింది. ఆవిడ ఆపలేదు, గొంతు కొంచెం పెంచి దాన్ని కూడా పాటలో కలిపేసుకుంది. సాయంత్రం జమ్మి ఆకు చేతిలో పెడుతూ, "మంచిగ పాడిండ్రు" అని అబద్ధమాడింది.

ఆపరేషన్ బాగానే జరిగింది. కొన్నాళ్లు గుసగుసలే. తర్వాత గొంతు వచ్చింది. అది వేరే గొంతు, బరువుగా, అంచులు కాస్త గరుగ్గా. మొదటిసారి వాకిట్లో గట్టిగా మైకును పిలిచినప్పుడు ఎవరో బంధువు వచ్చిందనుకుని వాడు బయటికి చూశాడట. కానీ మరుసటి ఏడు మైదానంలో పాట మళ్లీ ఆవిడే ఎత్తుకుంది. పాత గొంతు వినిపించమని ఆవిడ నన్నడిగింది ఒక్కసారే. "రికార్డు లేదు పెద్దమ్మా" అంటే, "మరి నువ్వే పాడు, నేనెట్ల పాడేదో" అంది. నీళ్ల ట్యాంకర్ పాట పాడాను. చివరిదాకా విని, "గంత అన్యాయంగ పాడేదాన్నారా నేను?" అని పొట్ట పట్టుకుని నవ్వింది. అందుకునే చోట్ల మాత్రం తనే అందుకుంది.

కొత్త గొంతును మైకు తన ఎనలాగ్ మిక్సర్‌తో చాలాసార్లు రికార్డు చేశాడు, గదినిండా ఆడవాళ్లను కూర్చోబెట్టి. శబ్దం పెంచి తగ్గించే నాలుగో ఫేడరు మీట సందులో ఆనాటి కుంకుమ పడింది. దాన్ని జరిపినప్పుడల్లా 'కరకర' మంటుంది. శుభ్రం చేయమంటే, "అమ్మ పెట్టిన బొట్టు, ఉండనీ" అంటాడు. ఇప్పుడు మెట్రో మేం తిరిగిన దారి మీదుగానే పోతుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఎక్కి కళ్లు మూసుకుంటే, పాట మొదలై ముగిసేలోపు ఎల్బీనగర్. కిటికీ అద్దంలో కనిపించే నెరిసిన తలవాణ్ని చూస్తే, సమీక్షలు చంకన పెట్టుకుని షేర్ ఆటోలో దుమ్ము మింగుతూ పోయిన ఆ కుర్రాడి మీద జాలీ, కొంచెం అసూయా కలుగుతాయి.

నా డిజిటల్ మిక్సర్ ఇప్పటికీ ఆ మేడగదిలోనే ఉంది, ఏటా దసరాకు కొత్త బొట్టుతో. మొన్నొకసారి తెరిచి 'పెద్దమ్మ' అన్న పేరు నొక్కాను. బుద్ధిగా ఆనాటి అమరిక అంతా వచ్చేసింది. గొంతుకు ఎంత బలం ఇవ్వాలి, ఏ మూల ఎంత తగ్గించాలి, ఎంత ప్రతిధ్వని కలపాలి, అన్నీ ఉన్నాయి. గొంతు ఒక్కటే లేదు. పెద్దమ్మను కూర్చోబెట్టి ఇప్పటి గొంతుకు తగ్గట్టు అన్నీ సవరించి, దాచమన్నాను. ఈ పేరుతో ఒకటి ఇప్పటికే ఉంది, దాన్ని తీసేసి దీన్ని ఉంచమంటారా అని తెర అడిగింది. వేరే పేరు పెట్టుకోవచ్చని నాకు తెలుసు. కానీ మనిషి ఒక్కతే కదా. "పాతది ఉండనీ" అన్నాడు మైకు. "తీసెయ్" అంది పెద్దమ్మ. మిక్సర్ల విషయంలో ఏది గొప్పదో తేలనట్టే ఇదీ తేలలేదు. ఆ ప్రశ్నకు నేనింకా అవుననీ నొక్కలేదు, కాదనీ నొక్కలేదు.